97 మార్కుల ఆటను మధ్యలో ఆపేసినవాడి వాదన

వేసవి సెలవులకు మా మేనల్లుడు ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర మొదలైన ఒక చిన్న వాదన, వాడు తిరిగి హాస్టల్‌కు వెళ్ళేదాకా ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే వీడియో గేమ్‌ను 8 గంటలు ఆడి పక్కన పెట్టేశానని మాటవరసకు అన్నాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "మామయ్యా, దానికి మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో వందకు 97 వచ్చింది. నీకు నచ్చకపోతే అది నీ ఇష్టం, ఆట మాత్రం గొప్పదే" అన్నాడు. నేనూ తడుముకోకుండా "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచిరా" అనేసి పెరుగు గిన్నె అందుకున్నాను. ఆటల కోసం కూడా ఇంత పంచాయితీ ఏమిటని మా అక్క ఇద్దరినీ కలిపి కసిరింది.

రాత్రి పడుకోబోయే ముందు ఆలోచిస్తే, ఆ భోజనాల దగ్గర మేమిద్దరమూ వాదించనే లేదని తోచింది. వాడు ఒక అంకె వెనక దాక్కున్నాడు, నేను ఒక సామెత వెనక దాక్కున్నాను. అంకె చెప్పినవాడికి ఆట గురించి ఒక్క మాటైనా చెప్పవలసిన అవసరం ఉండదు, సామెత చెప్పినవాడికీ ఉండదు. ఒక ఆట బాగుందా లేదా అన్నది ఆడేవాడి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా తేల్చగల విషయమేనా అన్న ప్రశ్న మాత్రం అక్కడే మిగిలిపోయింది. పాతికేళ్ళుగా ఆటలు ఆడుతూ, చదువుతూ, వాటి గురించి స్నేహితులతో పోట్లాడుతూ వచ్చినవాడిగా నాకు దాని మీద ఒక అభిప్రాయం ఉంది. అది మా వాడి అభిప్రాయమూ కాదు, ఆ పూట నేను చెప్పిన సామెతా కాదు.

ముందు ఆ 97 సంగతి చూద్దాం. 2001లో మొదలైన మెటాక్రిటిక్ చేసే పని వివిధ పత్రికలూ సైట్లూ ఇచ్చిన రేటింగులను 100కి మార్చి సగటు తీయడం. ఒకరు 5 నక్షత్రాలకు 4 ఇస్తారు, ఇంకొకరు 10కి ఎనిమిదిన్నర ఇస్తారు, మరొకరు బి ప్లస్ అని అక్షరం రాస్తారు. అవన్నీ ఒకే గంగాళంలో పడతాయి. పైగా ఆ సగటులో అందరి మాటకూ ఒకే విలువ ఉండదు. కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇస్తామని వాళ్ళే చెబుతారు, ఎవరికెంత అన్నది మాత్రం బయటపెట్టరు. వంద మంది అభిప్రాయాలను కూడి వందతో భాగిస్తే వచ్చేది సగటు అభిప్రాయమే గాని నిజం కాదు. ఆ అంకె ఎందుకూ పనికిరాదని నేననను. కొత్త ఆట కొనబోయేవాడికి, అందులోనూ నాలుగైదు వేలు పెట్టి కొనేవాడికి, అది మంచి సూచనే. సూచనకూ తీర్పుకూ ఉన్న తేడాను మా వాడు పట్టించుకోలేదు, అంతే.

అసలు ఆ 100 మార్కుల కొలబద్ద కూడా ఎక్కడికక్కడ సాగుతుంది. అదే మెటాక్రిటిక్‌లో సినిమాకు 61 వస్తే బాగుందని చెప్పే ఆకుపచ్చ రంగు పడుతుంది, వీడియో గేమ్‌కు ఆ రంగు పడాలంటే 75 రావాలి. ఆటలను సమీక్షించేవాళ్ళు మార్కులు ధారాళంగా వేస్తారని ఆ కొలబద్దను తయారు చేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు కదా. మన టీవీల్లో ఇంటర్ ఫలితాల ప్రకటనలు చూసి పెరిగినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మొదటి సంవత్సరం ఎంపీసీలో 470కి 467, 466, 466 అని ఊపిరి తీసుకోకుండా చదివే ఆ గొంతు విన్నాక, 440 వచ్చిన పిల్లవాడు ఇంట్లో తలవంచుకుని కూర్చుంటాడు. ఆటల లోకంలో 70 వచ్చిన ఆట పరిస్థితీ అదే. సగానికి పైన 20 మార్కులు ఎక్కువ వచ్చినా అది తప్పినట్టే లెక్క.

ఈ అంకెల మీద జీతాలు కూడా ఆధారపడ్డాయి. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్ ఆటకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే తమకు బోనస్ వచ్చేదని, 84 దగ్గర ఆగిపోవడం వల్ల రాలేదని, దాన్ని తయారు చేసిన అబ్సిడియన్ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ 2012లో బహిరంగంగానే చెప్పారు. విడుదలైన రోజుల్లో ఆ ఆట నిండా బగ్‌లే, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పులే, కాబట్టి మార్కులు తగ్గడంలో అన్యాయమేమీ లేదు. కానీ ఈరోజు ఆ తరహా ఆటల్లో మేలైనవాటిని ఏకరువు పెట్టమంటే ఎంతోమంది దాని పేరు మొదటి వరుసలోనే చెబుతారు. 84కీ 85కీ మధ్య ఉన్న ఆ ఒక్క మార్కు ఆటలోని ఏ గుణాన్ని కొలిచిందో నాకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

పత్రికలవాళ్ళను నమ్మకుండా ఆడేవాళ్ళ మార్కులను నమ్ముదామంటే అక్కడ పరిస్థితి ఇంకా వింత. 2020 జూన్ 19న ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విడుదలైన రోజే వేలమంది వచ్చి సున్నాలు వేసి వెళ్ళారు. పూర్తి చేయడానికి 20 గంటలకు పైగా పట్టే ఆటకు కొన్ని గంటల్లోనే అన్ని తీర్పులు వచ్చాయంటే, ఆ కోపం ఆట మీద కాక బయటికి పొక్కిన కథ మీద అని వేరే చెప్పాలా! ఆ మరుసటి నెలలో, విడుదలైన 36 గంటల తర్వాతే ఆడేవాళ్ళు మార్కులు వేయాలని మెటాక్రిటిక్ నియమం పెట్టుకుంది.

ఇంతవరకూ చదివినవాళ్ళు నేను నా సామెత వైపే మొగ్గుతున్నానని అనుకోవచ్చు. కాదు. అంకె సత్యం కానంత మాత్రాన ఆటలో సత్యమే లేదనడం తొందరపాటు. 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. విడుదలకు ముందు వచ్చిన సమీక్షలు పీసీ మీద ఆడి రాసినవి. జనం ఇళ్ళలో ఉన్న సోనీ వాళ్ళ పాత ఆటల యంత్రం ప్లేస్టేషన్ 4 మీద అదే ఆటను పెడితే బొమ్మ నత్తలా కదిలింది, మనుషుల ముఖాలు మైనపు ముద్దల్లా కనిపించాయి, ఆట మధ్యలో ఆగిపోయి మొదటి తెర ప్రత్యక్షమయింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. మెటాక్రిటిక్‌లో పీసీ రూపానికి 86, ప్లేస్టేషన్ 4 రూపానికి 57 పడ్డాయి. కథ అదే, సంగీతం అదే, మాటలు అవే, పాత్రలు అవే. మారిందల్లా యంత్రం మీద ఆట నడిచిన తీరు. ఆ 29 మార్కుల తేడాను "జిహ్వకో రుచి" అని ఎవరైనా కొట్టిపారేయగలరా? ఆట క్రాష్ కావడం ఎవరి అభిరుచీ కాదు.

సంగీతం నేర్చుకున్నవాళ్ళు దీన్ని వెంటనే అందుకుంటారు. శ్రుతి కలిసిందా లేదా అన్నది శ్రోత ఇష్టం మీద ఆధారపడే విషయం కాదు, తంబురా పక్కన పెట్టుకుని తేల్చుకోవచ్చు. తాళం తప్పితే చేత్తో వేసి చూపించవచ్చు. ఆటల్లోనూ శ్రుతి, తాళం వంటివి ఉన్నాయి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఒకదాని వెనక ఒకటి 60 బొమ్మలు, చూపించే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 30 చూపించేదానిలో 33.3 ఉంటుంది. ఫ్రేములు సమానమైన వ్యవధిలో వస్తున్నాయా, తొక్కుకుంటూ వస్తున్నాయా, బటన్ నొక్కిన ఎంతసేపటికి తెర మీద కదలిక వచ్చింది, సేవ్ చేసినది చెడిపోకుండా ఉందా అన్నవాటికి కొలతలున్నాయి, కొలిచి చెప్పేవాళ్ళూ ఉన్నారు.

అయితే శ్రుతి తప్పకుండా పాడిన ప్రతివాళ్ళూ విద్వాంసులు కారు. తిరగేసి చూస్తే అది మరీ చిక్కు. 1998లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్ సెకనుకు 20 ఫ్రేములతో నడిచిన ఆట. నలుగురు సమీక్షకులు తలా 10 మార్కులు వేసే జపాన్ పత్రిక ఫామిత్సు, తన చరిత్రలో మొదటిసారి 40కి 40 ఇచ్చింది ఆ ఆటకే. మెటాక్రిటిక్‌లో దానికి 99 ఉంది. ఇరవై ఫ్రేములు అన్నది కొలిచిన నిజం. ఆ నిజానికి ఎంత బరువు ఇవ్వాలన్నది మాత్రం కొలత చెప్పదు. తలపడి కొట్టుకునే ఆటలో ఇరవై ఫ్రేములంటే ప్రాణం తీస్తాయి, మైదానం మీద గుర్రమెక్కి సూర్యోదయం చూసే ఆటలో అప్పటి వాళ్ళకు అది పట్టనే లేదు.

మా చిన్నప్పటి కంప్యూటర్ పత్రికల్లో గ్రాఫిక్స్‌కు 9, సౌండ్‌కు 8, కథకు 7 అని పట్టిక గీసి చివర్లో మొత్తం వేసేవాళ్ళు. అంత శాస్త్రీయంగా కనిపించిన పద్ధతి ఇంకొకటి లేదు, అంత పనికిమాలినదీ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారు చేసిన టెట్రిస్‌ను ఆ పట్టికలో కూర్చోబెట్టి చూడండి. మొదటి రూపంలో దానికి బొమ్మలు లేవు, చదరపు బ్రాకెట్లతో గీసిన దిమ్మెలే. కథ సున్నా. నలభై ఏళ్ళు గడిచినా మనుషులు దాన్ని ఆడుతూనే ఉన్నారు.

కొలతలకూ అనుభూతికీ మధ్య ఉన్న దారి ఎక్కడుందో నాకు తెలియజెప్పిన ఆట 2018లో వచ్చిన సెలెస్ట్. మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కాలి. దూకడం, గాలిలో ఒక్కసారి దూసుకెళ్ళడం, గోడ పట్టుకోవడం, ఇంతే ఆమెకు తెలిసిన విద్యలు. ఆట చాలా కష్టం, ఒక్కో తెర మీద యాభై సార్లు చచ్చిన రోజులున్నాయి. అయినా ఆడినవాళ్ళంతా చెప్పే మాట ఒక్కటే, "కంట్రోల్ చేతిలో ఉన్నట్టే ఉంటుంది" అని. ఇది ఉత్త అనుభూతి అని తీసిపారేయవచ్చు. కానీ ఆ పాత్ర కదలికల కోడ్‌ను తయారు చేసినవాళ్ళే అందరికీ చూడనిచ్చారు, అందులో ఆ అనుభూతికి కారణాలు కనిపిస్తాయి. మాడెలిన్ గట్టు అంచు దాటి గాలిలోకి వెళ్ళిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకడానికి అనుమతి ఉంటుంది. పైకి దూకేటప్పుడు తల పైకప్పు మూలకు నాలుగు పిక్సెళ్ళ మేర తగిలితే, తల కొట్టుకుని కింద పడకుండా ఆట ఆమెను మెల్లగా పక్కకు జరుపుతుంది. నేల తాకడానికి రెప్పపాటు ముందే బటన్ నొక్కేసినా, ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని నేల తాకగానే దూకిస్తుంది.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఏమిటంటే, కచ్చితత్వం కోరేవాడు మొదట తప్పుపట్టవలసింది వీటినే. అంచు దాటాక కాలి కింద నేల లేదు, కాబట్టి దూకుడు పడకూడదు. లెక్క ప్రకారం అదే న్యాయం. కానీ ఆడేవాడు అంచు మీదే నొక్కాననుకుంటాడు, కన్ను చూసి మెదడు చెప్పి వేలు కదిలేసరికి ఆ పదో వంతు సెకను కరిగిపోతుంది. లెక్కకు కచ్చితంగా ఉన్న ఆట చేతికి అన్యాయంగా తగులుతుంది, చేతికి న్యాయంగా ఉండాలంటే లెక్కలో కాస్త అబద్ధం ఆడాలి. మా ఊరి కిరాణా కొట్టు ఆయన తూకం సరిపోయాక పైన మరో నాలుగు గింజలు వేసేవాడు, అలాంటి కొసరు ఇది. కాబట్టి ఆటను తూచే త్రాసులో ఒక పళ్ళెం యంత్రమైతే రెండోది మనిషి చెయ్యి. అయితే ఆ చెయ్యి నా ఒక్కడిదే కాదు. సెకనులో పదో వంతు ఆలస్యం నా వేలికీ ఉంది, మా మేనల్లుడి వేలికీ ఉంది, ఏ దేశంలో ఆడేవాడి వేలికీ ఉంది. అనుభూతి అన్నంత మాత్రాన అది ఎవరికి వారి సొంత వ్యవహారం అయిపోదు.

ఇక్కడ నా అనుభవంలోని ఒక అపరాధం కూడా చెప్పుకోవాలి. ఇంటర్ చదివే రోజుల్లో మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు 15 రూపాయలు ఇచ్చి జీటీఏ వైస్ సిటీ ఆడేవాళ్ళం. ఆ తరం వాళ్ళకు అందులో ముగించమని ఇచ్చే పనుల్లో ఒకటైన ఆ బొమ్మ హెలికాప్టర్ మిషన్ అంటే చాలు, ముఖం మాడిపోతుంది. వ్యాను వెనక కూర్చుని, రిమోట్ హెలికాప్టర్‌తో బాంబులు ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి, కడుతున్న భవనంలో నాలుగు అంతస్తుల్లో పెట్టాలి. గడియారం తిరుగుతూ ఉంటుంది, మెట్ల దగ్గర కూలీలు సుత్తులతో కొడతారు. ఎడమ చేత్తో పైకీ కిందకీ, కుడి చేత్తో నంబర్ మీటల మీద ముందుకూ వెనక్కూ నడపాలి. నేను రెండు వారాల పాటు నా టిఫిను డబ్బులు తగలేసి, ఆ మిషన్ తయారు చేసినవాడికి బుద్ధి లేదని, ఆటలోనే లోపం ఉందని తీర్మానించాను. సెంటర్‌లో ఉన్నవాళ్ళంతా తలలూపారు కూడా. ఏడాది తర్వాత ఇంట్లో కంప్యూటర్ కొన్నాక అదే మిషన్‌ను రెండో ప్రయత్నంలో ముగించాను. అప్పుడు తెలిసింది, ఆ సెంటర్ కీబోర్డులో 8 అంకె మీట నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పనిచేసేదని. నేను తీర్పు చెప్పింది ఆట మీద కాదు, పల్లీల పొట్టు నిండిన ఒక కీబోర్డు మీద.

అయినా ఆ తీర్పులో సగం ఇప్పటికీ నిలుస్తుంది. కథలో అంతవరకూ కార్లూ తుపాకులూ ఇచ్చి, ఆ ఒక్కచోట మనకు అలవాటు లేని వాహనాన్ని చేతికిచ్చి, సాధన చేసుకోవడానికి కాస్త చోటైనా చూపకుండా గడియారం తిప్పడం నేర్పే పద్ధతి కాదు. కష్టం వేరు, అన్యాయం వేరు. సెలెస్ట్‌లో చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చానో నాకు తెలుసు, కాబట్టి మళ్ళీ దూకాలనిపించేది. ఓడిపోయినవాడు తన తప్పును వేలు పెట్టి చూపించగలిగితే అది కష్టమైన ఆట, చూపించలేకపోతే ఆట దగ్గర ఏదో లోపం ఉండి ఉండాలి. నేను నమ్మే పరీక్షల్లో ఇది మొదటిది. అయితే దీన్ని ప్రయోగించే ముందు కీబోర్డు సంగతి చూసుకోవాలి.

ఇక మా అసలు తగాదాకు వద్దాం. మూడో రోజు సాయంత్రం నేనే ఆ ఆటను మళ్ళీ దించి, "ఒరేయ్, నోటితో చెప్పడం కాదు, కూర్చో, ఆడుతూ చూపించు" అన్నాను. 1899 నాటి అమెరికా, బందిపోట్ల కాలం ముగిసి చట్టం పడమటికి పాకుతున్న రోజులు, తరుముకొస్తున్న పోలీసుల నుంచి పారిపోతున్న ఒక దొంగల ముఠా, అందులో ఆర్థర్ మోర్గన్ అనే మనిషి. నేను ఒక ఖాళీ గుడిసెలోకి వెళ్ళాను. బటన్ నొక్కితే ఆర్థర్ సొరుగు దగ్గరకు అడుగులో అడుగు వేసి నిలబడ్డాడు, వంగాడు, సొరుగు లాగాడు. లోపల ఒక డబ్బా ఉంది, దాన్ని తీసి అటూ ఇటూ చూసి సంచిలో వేసుకున్నాడు. పక్కన సిగరెట్ పెట్టె, దానికి మళ్ళీ బటన్, మళ్ళీ చెయ్యి, మళ్ళీ సంచి. "చూశావా, ఒక్క సొరుగుకు ఎంతసేపు పట్టిందో! నేను వదిలేసింది ఇందుకే" అన్నాను. "అదే కదా మామయ్యా దాని అందం" అన్నాడు వాడు.

వాడి మాటను వెంటనే తోసేయలేకపోయాను. మేమిద్దరమూ చూసింది ఒకే సంగతి, లెక్కపెట్టిందీ ఒకే వ్యవధి. మన అలంకారికులు ఔచిత్యం అన్న మాట వాడారు. హారాన్ని నడుముకూ వడ్డాణాన్ని మెడకూ పెట్టుకుంటే ఎవరు నవ్వరని 11వ శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు అడిగాడు. నగ మంచిదే, చోటు తప్పు. అలాగే ఆలస్యం అన్నది దానికదిగా మంచీ కాదు, చెడ్డా కాదు. సెలెస్ట్‌లో ఆ సొరుగు ఆలస్యం పెడితే ఆట చచ్చిపోతుంది. ఇక్కడేమో ఆట మొత్తం అదే నడకలో ఉంది. శిబిరంలో పరిగెత్తనివ్వదు, గుర్రాన్ని తోమించుకుంటుంది, గడ్డం పెరుగుతుంది, బురద బట్టలకు అంటుకుంటుంది. ఒక కాలం నెమ్మదిగా ముగిసిపోవడాన్ని చూపించదలచిన ఆట మనిషి శరీరానికి బరువు ఉందని చెప్పడానికి సొరుగును కూడా వాడుకుంది. ఆ ఆలస్యం లోపం అని నేనన్న మాట తప్పు. అది నాకు పడని గుణం. ఆ మాట వాడి ముందే ఒప్పుకున్నాను, వాడు పెద్ద విజేతలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవనివ్వలేదనుకోండి. ముఠావాళ్ళతో కలిసి ఒక మిషన్‌కు బయల్దేరినప్పుడు, ముందు నుంచి కాకుండా పక్క గుట్ట చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్దామని గుర్రాన్ని మళ్ళించాను. కొంత దూరం వెళ్ళేసరికి మిషన్ విఫలమైందని, ముఠాను వదిలి వెళ్ళానని తెర ఎర్రబడింది. వాడిని అడిగాను, "ఇన్ని గంటలుగా ఈ లోకం నీదే, ఏ దారిన పోయినా నీ ఇష్టమని నేర్పినది ఈ ఆటే కదా. కథ మొదలవగానే గీసిన గీత దాటితే దెబ్బలేస్తానంటుందేం?" అని. వాడు చాలాసేపు కంట్రోలర్ తిప్పుతూ కూర్చుని, "అది నిజమే, నాకూ అక్కడ చిరాకేసేది" అన్నాడు. ఈ విమర్శ నా ఇష్టం మీద నిలబడింది కాదు. నెమ్మది ఆ ఆట ఉద్దేశానికి సరిపోయింది, ఈ కట్టడి ఆ ఆట తానే చెప్పుకున్న మాటకు అడ్డం పడింది. ఈ రెండూ ఆట మీద అభిమానం ఉన్నవాడికీ, లేనివాడికీ ఒకేలా కనబడ్డాయి.

వీడియో గేమ్ నాణ్యతను నిష్పక్షపాతంగా తేల్చవచ్చు అని నేననే మాటకు అర్థం ఇంతవరకే. మార్కు వేయవచ్చని కాదు. ఆట లోపల ఫలానా చోట ఫలానాది జరుగుతోందని చూపించి, అది ఆ ఆట చేయదలచుకున్న పనికి తోడ్పడుతోందో అడ్డుపడుతోందో కారణం చెబితే, ఎదుటివాడు కంట్రోలర్ పట్టుకుని అదే చోటికి వెళ్ళి నా మాట నిజమో అబద్ధమో చూసుకోగలడు. మెటాక్రిటిక్ 97ను మాత్రం ఎవరూ ఎక్కడికీ వెళ్ళి చూసుకోలేరు.

దీనికీ పరిమితులు లేకపోలేదు. ఆట ఉద్దేశమేమిటో తెలుసుకోవాలంటే ఆ తరహా ఆటలు కొన్ని ఆడి ఉండాలి. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే ఆటను ఈనాటి కుర్రవాడి చేతికిస్తే, కదలని కెమెరానూ ట్యాంకులా తిరిగే పాత్రనూ చూసి నాసిరకమంటాడు. మలుపు అవతల ఏముందో కనపడకపోవడమే అక్కడ భయమని వాడికి ఎవరో చెప్పాలి. అయితే ప్రతి వికారాన్నీ ఉద్దేశపూర్వకమే అని సమర్థించే అభిమానులు కూడా ఉన్నారు, వాళ్ళతో నేను వాదించడం మానేశాను.

అంతకంటే పెద్ద చిక్కు ఆట మారిపోతూ ఉండటం. అచ్చయిన నవల మళ్ళీ మారదు. 2016లో నో మ్యాన్స్ స్కై వచ్చినప్పుడు చెప్పిన వాటిలో సగం లేవని జనం మండిపడ్డారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉచితంగా వచ్చిన అప్‌డేట్లతో అది వేరే ఆట అయింది. సైబర్‌పంక్‌కూ 2023 సెప్టెంబరులో 2.0 అనే అప్‌డేట్ వచ్చి లోపలి వ్యవస్థలే మారాయి. మొదటి వారంలో పడిన మార్కులు మాత్రం అలాగే రాయి మీద చెక్కినట్టు ఉండిపోయాయి. ఆన్‌లైన్ ఆటల్లో అయితే నా చేతికి వచ్చిన ఆటా మీ చేతికి వచ్చిన ఆటా ఒకటే అని చెప్పడమే కష్టం. హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ మీద బీజీఎంఐ అనే ఫోన్ కాల్పుల ఆట ఆడేవాడికీ, ఊళ్ళో డాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కుంటూ ఆడేవాడికీ తెర మీద పేరు ఒకటే. రెండోవాడు తుపాకీ ఎత్తేసరికి మొదటివాడు కాల్చేసి వెళ్ళిపోయి ఉంటాడు. ఇలాంటి ఆట గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడు, ఎక్కడ, దేని మీద ఆడామో ముందుగా చెప్పుకోవాలి. నేను కీబోర్డు కథ అంతసేపు చెప్పింది ఇందుకే.

ఇన్ని కారణాలు చెప్పుకుని, ఇన్ని సంగతుల మీద ఒప్పుకున్నాక కూడా మా ఇద్దరి మధ్య ఎంతో కొంత మిగిలింది. గుడిసెలో సొరుగు విషయంలో వాడు గెలిచాడు, గుట్ట చుట్టూ దారి విషయంలో నేను గెలిచాను. ఆ రెండింటినీ ఒక పళ్ళెంలో వేసి ఏది ఎక్కువ బరువో చెప్పమంటే వాడు ఒకటి చెబుతాడు, నేను ఇంకొకటి చెబుతాను. నా సామెతకు న్యాయంగా దక్కవలసిన చోటు అదే, భోజనాల దగ్గర నేను దానికి రాసిచ్చిన ఆస్తి కంటే అది చాలా చిన్నది.

వాడు హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. నేను ఆట తీసేయలేదు, ఇప్పుడు 31 గంటల దగ్గర ఉన్నాను. మంచు కొండల నుంచి దిగి, ముఠాతో పాటు రెండుసార్లు శిబిరం మార్చి, ఆర్థర్ డైరీలో గీసుకునే బొమ్మల కోసం ఒక్కోసారి పని లేకపోయినా గుర్రం దిగి నిలబడుతున్నాను. సొరుగులు మాత్రం తెరవడం లేదు.